జర్మన్, రష్యన్ నేర్చిన సరోజినీదేవి తమ్ముడు

అన్నవరం: సరోజినీ నాయుడు పేరు వినని వారు మన జిల్లాలో అరుదు. 1898లో మద్రాసులో ఆమెకు, గోవిందరాజులు నాయుడు గారికి వివాహం జరిపించినది మన రాజమండ్రి కందుకూరి వీరేశలింగం పంతులు గారే. ఆమె తమ్ముళ్ళలో హరీంద్రనాథ్ 1952లో విజయవాడ నుంచి లోక్‌సభకు నెగ్గారు. పెద్ద తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ సంగతే మన పల్లెల్లో చాలామందికి తెలియదు.

ఆయన 1880 అక్టోబరు 31న హైదరాబాదులో జన్మించారు. తండ్రి అఘోరనాథ్ అక్కడి కళాశాలకు తొలి ప్రిన్సిపాల్. అదే తర్వాత నిజాం కళాశాల అయింది. ఇంట్లో బెంగాలీ, వీధిలో తెలుగు, నవాబు కొలువులో ఉర్దూ, చదువు ఇంగ్లీషు. నాలుగు భాషలూ చిన్ననాడే పట్టుబడ్డాయి.

1902 ప్రాంతంలో ఐ.సి.ఎస్. కోసం ఇంగ్లండు వెళ్ళారు. ఆ పరీక్ష గట్టెక్కలేదు. లా చదువులో చేరారు గాని, విప్లవకారులతో తిరుగుతున్నాడని 1909లో మిడిల్ టెంపుల్ వారు పేరు కొట్టివేశారు. మరుసటి ఏడు పారిస్ చేరారు. 1914 ఏప్రిల్‌లో జర్మనీ వెళ్ళి హాలె విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర విద్యార్థి అయ్యారు.

నాలుగు నెలలు తిరగకముందే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. చదువు పక్కన పెట్టి, బెర్లిన్‌లోని భారతీయులను కూడగట్టి సంఘం స్థాపించారు. బ్రిటిషు వారిపై తిరుగుబాటుకు ఆయుధాలు, డబ్బు కావాలని జర్మనీ విదేశాంగ శాఖ వారితో మాట్లాడాలి. ఆయన నేర్చిన జర్మన్ అక్కడ అక్కరకు వచ్చింది. మార్కుల కోసం నేర్చిన భాష అయితే అంత పని చేసేది కాదేమో!

ఆ ప్రయత్నం ఫలించలేదు. 1917లో స్వీడన్ వెళ్ళారు. 1921లో సహాయం కోరుతూ మాస్కో వెళ్ళి వచ్చారు. ఆపైన పదేళ్ళు బెర్లిన్‌లోనే, చేతిలో డబ్బు ఆడక కటకటలాడుతూ గడిపారు. 1927లో బ్రసెల్స్‌లో జరిగిన సామ్రాజ్యవాద వ్యతిరేక మహాసభ వెనుక ఆయన ఉన్నారు. దానికి నెహ్రూ వచ్చారు. తర్వాత తన ఆత్మకథలో ఆయనను తలుచుకున్నారు.

జర్మన్ నేర్వడానికి హైదరాబాదు బిడ్డ జర్మనీ పోవలసి వచ్చింది. ఇప్పుడు అదే హైదరాబాదులో 'ఇఫ్లూ' విశ్వవిద్యాలయంలో జర్మన్, రష్యన్ శాఖలు రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి. మన స్టేషనులో సాయంత్రం రైలెక్కితే తెల్లవారేసరికి ఆ ఊరే. ఇంటర్ ప్యాసైన మన పిల్లలు ఆ రెండు భాషల సంగతీ వాకబు చేసుకోవచ్చును.

బెర్లిన్‌లో హిట్లర్ బలం పెరుగుతున్న రోజుల్లో వీరేంద్రనాథ్ సోవియట్ దేశానికి తరలిపోయారు. లెనిన్‌గ్రాడ్‌లో సైన్సు అకాడమీ వారి మానవజాతుల అధ్యయన సంస్థలో భారతదేశ విభాగం చూశారు. అక్కడే పనిచేసే లిడియా కరునోవ్‌స్కయా ఆయన భార్య. ఇన్నేళ్ళ తిరుగుడు తర్వాత పుస్తకాల మధ్య కుదురుగా కూర్చున్నది అక్కడే. అదీ నాలుగైదేళ్ళే.

స్టాలిన్ కాలపు అరెస్టుల్లో 1937 జూలైలో ఆయనను పట్టుకుపోయారు. సెప్టెంబరు 2న కాల్చి చంపారు. అప్పటికి వయస్సు 56 ఏళ్ళు. ఈ తేదీ సోవియట్ దస్తావేజుల వల్ల చాలాకాలానికి గాని లోకానికి తెలియలేదు. తమ్ముడికి ఏమైనదీ రూఢిగా తెలియకుండానే సరోజినీదేవి 1949లో కన్నుమూశారు.