పిఠాపురం మౌల్వీగారికి జన్మదిన వందనం

ఫిబ్రవరిలో పిఠాపురం స్టేషన్‌లో దిగేవాళ్లు రకరకాలు. పాదగయలో పిండాలు పెట్టడానికి వచ్చినవాళ్లు, కుక్కుటేశ్వరుణ్ణీ పురుహూతికా అమ్మవారినీ చూసుకుందామని వచ్చినవాళ్లు, శ్రీపాద శ్రీవల్లభులు పుట్టిన ఊరని మహారాష్ట్ర నుంచి ఒక రాత్రంతా ప్రయాణం చేసి వచ్చినవాళ్లు. వీళ్లలో కలిసిపోయి మరో గుంపు దిగుతుంది. శ్రీ విశ్వ విజ్ఞాన విద్యా ఆధ్యాత్మిక పీఠం వార్షిక సభలకు గోదావరి జిల్లాల పల్లెల నుంచి వచ్చే సభ్యులు వాళ్లు. నుదుట కుంకుమ, మెడలో మంగళసూత్రం, భుజాన చంకసంచి. వెళ్లి కూర్చునేది ఒక ముస్లిం గురువు ఎదుట. ఆ ఊళ్లో రిక్షావాడికి కూడా అది వింతగా అనిపించదు. ఇంత మామూలు సంగతిని మన పత్రికలు పట్టించుకోకపోవడమే నాకు వింత.

ఈ మామూలుతనాన్ని ఊరికి అలవాటు చేసినవారిలో ముందు చెప్పుకోవలసిన పేరు మౌల్వీ ఉమర్ ఆలీషా. పీఠానికి ఆరవ అధిపతి. 1885 ఫిబ్రవరి 28న పిఠాపురంలోనే పుట్టారు. అప్పుడే 140 ఏళ్లు దాటాయి. పీఠం తన గురుపరంపరను 1472 నుంచి లెక్క చెప్పుకుంటుంది. ఇప్పటి తొమ్మిదో అధిపతిదీ అదే పేరు. జయంతి పేరుతో పటానికి దండ వేసి పక్కకు తప్పుకోకుండా, ఆయన చేసిన పని ఏమిటో కాస్త నిదానంగా చెప్పుకుందాం.

మౌల్వీగారికి అరబ్బీ, పారశీకం, ఉర్దూ వచ్చు. ఆ ఇంట్లో పుట్టినవారికి అవి రావడంలో ఆశ్చర్యం లేదు. సంస్కృతం కూర్చుని నేర్చారు. తెలుగులో ఛందస్సు మీద పట్టు సాధించి పద్యం రాశారు. అత్రిమహర్షి ఇల్లాలు అనసూయ మీద నాటకం రాశారు, చంద్రగుప్తుడి మీద రాశారు. ఉమర్ ఖయ్యామును ఇంగ్లీషు మీదుగా కాకుండా నేరుగా పారశీకం నుంచి తెలుగు పద్యంలోకి తెచ్చారు. ‘సూఫీ వేదాంత దర్శము’ అని ఒక గ్రంథమే రాశారు. పొరుగువాడి మతం మీద గౌరవం ఉందని నోటితో చెప్పడానికి నిమిషం చాలు. పొరుగువాడి పురాణాన్ని అతని ఛందస్సులోనే, అతని పండితుడు తప్పు పట్టలేనట్టు రాయాలంటే ఏళ్లు పడుతుంది. మౌల్వీగారు ఆ ఏళ్లు పెట్టారు. నా లెక్కలో శాంతి కోసం చేసిన శ్రమ అంటే అదీ. (ఆ పద్యాలు ఈ తరం చదువరికి కొరుకుడు పడవన్న మాటా నిజమే. అందుకే వాటికి మంచి టీకా తాత్పర్యం కావాలి.)

ఇక రాజకీయం. టర్కీ ఖలీఫా కోసం సాగిన ఖిలాఫత్‌నూ, సహాయ నిరాకరణనూ గాంధీ ఒక్క తాటి మీదికి తెచ్చిన రోజుల్లో మౌల్వీగారు ఆ ఉద్యమంలో దిగారు. అంటరానితనం పోవాలనీ, ఆడపిల్లలకు చదువు కావాలనీ వాదించారు. ఆ కాలం ఎలాంటిదో తెలియాలంటే పక్కనే ఉన్న కాకినాడ చూడాలి, ఇరవై కిలోమీటర్ల లోపే. 1923 డిసెంబరులో అక్కడ కాంగ్రెస్ మహాసభ జరిగింది. అధ్యక్షుడు మౌలానా మహమ్మదలీ. ఖద్దరు ప్రదర్శన దగ్గర కాపలా ఉన్న దుర్గాబాయి అనే పిల్ల టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపేసిందని ఇప్పటికీ మురిసిపోతూ చెప్పుకుంటాం. అదే వేదిక మీద వందేమాతరం దగ్గర జరిగిన పేచీని మాత్రం గొంతు తగ్గించి చెప్పుకుంటాం. సభలో సంగీతమేమిటని అధ్యక్షుడు అభ్యంతరం చెప్పారు. గాయకుడు విష్ణు దిగంబర్ పలుస్కర్ వినకుండా పాట పూర్తిగా పాడారు. మరుసటి ఏడు టర్కీలో ఖలీఫా పదవే రద్దయింది. ఆ తాడు తెగాక దేశంలో చాలాచోట్ల హిందూ ముస్లిం నాయకుల స్నేహం కూడా తెగింది.

పిఠాపురంలో తెగలేదు. ఎందుకు తెగలేదంటే అక్కడి స్నేహం ఇస్తాంబుల్ మీదా ఢిల్లీ మీదా ఆధారపడి లేదు. పీఠంలో చేరేవాడు తన మతం మార్చుకోనక్కరలేదు. ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకునేవాడు చేసుకుంటాడు. గురువు దగ్గర మంత్రం తీసుకుంటాడు, ధ్యానం నేర్చుకుంటాడు, తన ఊళ్లో నలుగురితో కలిసి కూర్చుంటాడు. ఆ కూర్చోవడంలో కులం అడగరు. మన పల్లెల్లో ఇది ఎంత కష్టమైన పనో, పంక్తి భోజనాల్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారో చూసినవాళ్లకు తెలుసు.

మౌల్వీగారి జీవితంలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఆయన ఢిల్లీ కుర్చీ. 1935 నుంచి 1945లో కన్నుమూసేదాకా ఆయన కేంద్ర శాసనసభ సభ్యులు. గెలిచింది ఉత్తర మద్రాసు ముస్లిం నియోజకవర్గం నుంచి. 1909 సంస్కరణలతో వచ్చిన పద్ధతి అది: ముస్లిములకు విడిగా స్థానాలు, వాటికి ఓటు వేసేది ముస్లిములే. అంటే సర్కారు కాగితాల ప్రకారం ఆయన ఒక్క మతంవారికి ప్రతినిధి. రైలెక్కి పిఠాపురం వస్తే చుట్టూ చేరే శిష్యుల్లో ఎక్కువమంది హిందువులు. ఆయన్ను ఆరాధించేవాళ్లకు ఆయన పెట్టెలో ఓటు వేసే వీలు లేదు! దేశాన్ని వేరు వేరు పెట్టెల్లో లెక్కపెట్టిన ఆ పద్ధతి చివరకు ఎటు దారితీసిందో చూడకుండానే 1945 జనవరి 23న, నరసాపురంలో ఆయన వెళ్లిపోయారు.

ఆ గడ్డ మీద ఆయన ఒక్కరే లేరు. కాకినాడ పి.ఆర్. కళాశాలకు ప్రిన్సిపాలుగా 1904లో వచ్చిన రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు బ్రహ్మసమాజి. దిక్కులేని పిల్లలనూ అంటరానివాళ్లన్న పిల్లలనూ దగ్గరికి తీసి చదివించారు. డబ్బు పెట్టింది శిష్యుడైన పిఠాపురం మహారాజా. ఇంకా వెనక్కి వెళ్తే, రాజమండ్రిలో 1881 డిసెంబరులో వీరేశలింగంగారు చేయించిన మొదటి వితంతు వివాహం ఉంది. ప్రార్థనా సమాజం పెట్టిన మనిషే ఆ పెళ్లీ చేయించారు. పూజకూ న్యాయానికీ మధ్య గోడ కట్టని తీరు గోదావరి జిల్లాల్లో అలా చేతులు మారుతూ వచ్చింది. ఉమర్ ఆలీషాగారిని ఆ వరసలో నిలబెట్టడం మన చరిత్రకారులు ఎందుకో మరిచిపోతుంటారు. ముస్లిం కవుల జాబితాలో ఒక పేరుగా రాసి ఊరుకుంటారు.

ఈ రోజుల్లో మతసామరస్యం అంటే మనకు ఒక ఫోటో. మూడు రకాల వస్త్రాలు, ముగ్గురు పెద్దలు, పైకెత్తిన చేతులు, వెనక ఫ్లెక్సీ. సభ అయ్యాక ఎవరి కారు వారిది. ఫోటో వద్దనను. గొడవ రేగిన రాత్రి వీధిలోకి వచ్చి అడ్డం నిలబడేది మాత్రం, వారం వారం ఒకరి పక్కన ఒకరు కూర్చుని అలవాటు పడ్డవాళ్లే. పీఠం సభ్యులకు ఆ అలవాటు తాతల నాటిది. మొక్కలు పంచడం, హోమియో మందులివ్వడం వంటి పనులు అందులోంచే వచ్చాయి.

ఆ సభ్యులందరికీ జయంతి అభినందనలు. ఒక చిన్న ఫిర్యాదు కూడా: మీరు మౌల్వీగారిని గురువుగా ఎంత భద్రంగా దాచుకున్నారో కవిగా, ఉద్యమకారుడిగా అంత బయటపెట్టలేదు. వచ్చే ఫిబ్రవరికి ఆయన ఖయ్యాము పద్యాలు తాత్పర్యంతో, చవక ధరలో, సంచిలో పట్టేంత పుస్తకంగా రావాలి. ఆయన శాసనసభలో మాట్లాడిన మాటలన్నీ ఏరి తెలుగులో ఒక సంపుటం చేయాలి. కాకినాడ, రాజమండ్రి కాలేజీల్లో తెలుగు ఎం.ఏ. పిల్లలు చాలామందే ఉన్నారు. ఒకరిద్దరికి ఆ పని అప్పగించి, ప్రయాణ ఖర్చులు పీఠమే భరిస్తే సరిపోతుంది.