చలిజ్వరం జాడ తీసిన రోనాల్డ్ రాస్

మానవజాతిని అనాదిగా పీడించిన వ్యాధులలో మలేరియా ఒకటి. తెలుగునాట దీనిని చలిజ్వరమనీ, మన్యపు జ్వరమనీ పిలిచేవారు. చిత్తడి నేలల నుండి లేచే చెడుగాలి వలన ఈ జ్వరం వస్తుందని శతాబ్దాల పాటు ప్రపంచమంతటా నమ్మారు. చెడుగాలి అనే అర్థమిచ్చే ఇటాలియన్ మాట నుండే దానికి మలేరియా అనే పేరు వచ్చింది. గాలిని ఆపడం ఎవరి తరమూ కాదు కనుక ఈ జ్వరాన్ని ఆపడం కూడా అసాధ్యమని ప్రజలు నిస్పృహ చెందారు. ఆ నిస్పృహను తొలగించిన పరిశోధన జంట నగరాలలోనే జరిగింది. ఈనాడు బేగంపేట నుండి బోరబండ మీదుగా హైటెక్ సిటీకి లోకల్ రైళ్లు నడుస్తున్నాయి. ఆ బేగంపేటలోనే, 1897లో, ఒక చిన్న సైనిక వైద్యశాలలో రోనాల్డ్ రాస్ ఈ జ్వరం జాడ తీశారు.

రాస్ 1857 మే 13న హిమాలయ ప్రాంతంలోని అల్మోరాలో జన్మించారు. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. ఎనిమిదేళ్ల వయస్సులో రాస్‌ను చదువు కోసం ఇంగ్లండుకు పంపించారు. ఆయనకు కవిత్వం, చిత్రలేఖనం, గణితం ప్రాణం. వైద్యవిద్య పట్ల ఆసక్తి లేకపోయినా తండ్రి మాట కాదనలేక లండన్‌లో వైద్యం చదివారు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరి మద్రాసు, బర్మా, అండమాన్ దీవులలో పనిచేశారు. తొలి సంవత్సరాలలో ఆయన మనస్సు వైద్యం కంటే సాహిత్యం మీదనే ఎక్కువగా నిలిచింది.

1894లో సెలవుపై లండన్ వెళ్లినప్పుడు పాట్రిక్ మాన్సన్ అనే వైద్య శాస్త్రవేత్తతో కలిగిన పరిచయం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. మలేరియా రోగుల రక్తంలో ఒక పరాన్నజీవి ఉంటుందని 1880లోనే లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు కనుగొన్నారు. అయితే అది ఒకరి నుండి మరొకరికి ఎలా చేరుతుందో ఎవరికీ తెలియలేదు. దోమలకు దీనితో సంబంధం ఉండవచ్చని మాన్సన్ ఊహించారు. ఆ ఊహను నిరూపించే బాధ్యతను రాస్ తన భుజాలపై వేసుకున్నారు.

1895లో ఆయన సికింద్రాబాదుకు వచ్చి పని ప్రారంభించారు. దోమలను రోగులపై వాలనిచ్చి, ఆ తరువాత వాటిని ఒక్కొక్కటిగా కోసి సూక్ష్మదర్శినితో పరీక్షించేవారు. గాలికి దోమల శరీర భాగాలు ఎగిరిపోతాయని, మండు వేసవిలో సైతం పంకా వేయనిచ్చేవారు కాదు. నుదుటి చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. నడుమ కలరా నివారణ కోసం ప్రభుత్వం ఆయనను బెంగుళూరుకు పంపింది. ఊటీ ప్రాంతంలో పరిశోధన చేస్తుండగా ఆయనకే మలేరియా సోకింది. రెండేళ్లు గడిచినా ఫలితం కనిపించలేదు. అన్నాళ్లూ ఆయన పరీక్షించినవి మలేరియాను మోయని జాతుల దోమలు కావడమే అందుకు కారణం.

1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలున్న ఒక కొత్తరకం దోమలు ఆయనకు లభించాయి. అవే అనాఫిలిస్ దోమలు. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే రోగి దోమతెర లోపల పడుకొని వాటి చేత కుట్టించుకున్నాడు. కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి చెల్లించారు. ఆగస్టు 20న వాటిలో ఒక దోమను కోసి చూడగా, దాని జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులు గల గుండ్రని కణాలు కనిపించాయి. ఆ రేణువులు అచ్చంగా మలేరియా పరాన్నజీవిలో ఉండే రేణువులను పోలి ఉన్నాయి. మరునాడు మిగిలిన దోమను పరీక్షించగా ఆ కణాలు మరింత పెద్దవై ఉన్నాయి. అంటే పరాన్నజీవి దోమ శరీరంలో పెరుగుతున్నదన్న మాట. ఆ ఆగస్టు 20వ తేదీనే నేడు ప్రపంచ దోమల దినంగా జరుపుకుంటున్నారు.

విజయం దక్కిన కొద్దికాలానికే ఆయనను మలేరియా అరుదుగా ఉండే రాజపుత్ర ప్రాంతానికి బదిలీ చేశారు. 1898లో కలకత్తా చేరిన తరువాత పక్షులకు వచ్చే మలేరియాపై పరిశోధన కొనసాగించారు. అక్కడ మహమ్మద్ బక్స్ అనే సహాయకుడు ఆయనకు తోడుగా నిలిచాడు. పరాన్నజీవి చివరకు దోమ లాలాజల గ్రంథులకు చేరి, కాటు ద్వారా మరొక పక్షికి సోకుతుందని ఆ జూలైలో రుజువైంది. మానవ మలేరియా అనాఫిలిస్ దోమలో పెరిగే క్రమాన్ని ఆ సంవత్సరమే ఇటలీలో గ్రాసీ, ఆయన సహచరులు వివరించారు. ఈ ఘనత ఎవరిదనే వివాదంలో రాస్ జీవితాంతం కటువుగానే ప్రవర్తించారు. 1902లో నోబెల్ బహుమతి రాస్‌ను వరించింది.

అయితే రాస్ కృషి ప్రయోగశాలతో ముగియలేదు. 1899లో ఇంగ్లండు తిరిగి వెళ్లి లివర్‌పూల్ ఉష్ణమండల వైద్య పాఠశాలలో చేరిన ఆయన, వ్యాధి ఎక్కడ ఎంత ఉన్నదో లెక్కించే పనికి పూనుకున్నారు. ఆఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో దోమలు పుట్టే నీటి గుంటలను వెదకించారు. 1907, 1908 సంవత్సరాలలో మారిషస్ దీవిలో పర్యటించారు. తెలుగు కూలీలు కూడా వలస వెళ్లి చెరకు తోటలలో చెమటోడ్చిన దీవి అది. మలేరియా పలుమార్లు సోకిన పిల్లలలో ప్లీహం ఉబ్బుతుంది. అందుచేత వేలాది పిల్లలను పరీక్షించి, ప్లీహం పెరిగిన వారి సంఖ్యను బట్టి ఏ ప్రాంతంలో వ్యాధి తీవ్రత ఎంతో నిర్ణయించారు.

ఈ లెక్కల నుండి ఆయన ఒక గొప్ప సత్యాన్ని గ్రహించారు. ఒక దోమ రోగిని కుట్టాలి, పరాన్నజీవి ఎదిగేవరకు అది బతికి ఉండాలి, ఆ పిమ్మట ఆరోగ్యవంతుని కుట్టాలి. ఇన్నీ జరిగితేనే జ్వరం వ్యాపిస్తుంది. దోమల సంఖ్య ఒక హద్దు కంటే తగ్గితే ఒక్కొక్క రోగి నుండి సగటున ఒక్కరికైనా వ్యాధి చేరదు. అప్పుడు అది క్రమంగా అంతరిస్తుంది. కాబట్టి మలేరియాను తొలగించడానికి లోకంలోని దోమలన్నింటినీ చంపవలసిన పని లేదు. ఈ వాదాన్ని ఆయన మలేరియా నివారణపై 1910లో ప్రకటించిన గ్రంథంలోనూ, ఆ తరువాతి రచనలలోనూ గణిత సమీకరణాలతో నిరూపించారు. బాల్యంలో ప్రేమించిన గణితం ఆయనకు ఈ విధంగా అక్కరకు వచ్చింది. 2020లో కోవిడ్ వ్యాప్తిని అంచనా వేసిన లెక్కలకు కూడా ఆయన వేసిన బాట పునాదులలో ఒకటి.

రాస్ 1932 సెప్టెంబరు 16న లండన్‌లో మరణించారు. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనాన్ని స్మారక చిహ్నంగా నిలిపారు. నల్లకుంటలోని ప్రభుత్వ జ్వరాల ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు. అయితే ఆ కీర్తిలో హుసేన్ ఖాన్, మహమ్మద్ బక్స్ వంటి సామాన్యుల పాలు కూడా ఉన్నదని మరువరాదు. ఇంటి ముందు గుంటను పూడ్చడం, నీటి తొట్టిపై మూత పెట్టడం చిన్న పనులుగా కనిపిస్తాయి. వ్యాధిని హద్దు కిందికి దించేవి అటువంటి పనులేనని రాస్ జీవితం నిరూపించింది.