ఎడ్మండ్ బెకరెల్

అలెగ్జాండర్ ఎడ్మండ్ బెకరెల్ (మార్చి 24, 1820 - మే 11, 1891) ఫ్రాన్సు దేశానికి చెందిన భౌతిక శాస్త్రవేత్త. సౌర ఘటాలకు (సోలార్ సెల్స్) మూలమైన ఫోటోవోల్టాయిక్ ప్రభావాన్ని 1839లో మొట్టమొదట గుర్తించినది ఇతడే. తండ్రి ఆంట్వాన్ సీజర్ బెకరెల్, కుమారుడు హెన్రీ బెకరెల్ కూడా ప్రసిద్ధ శాస్త్రవేత్తలే. ఇంటిపేరు ఒకటే కావడం వలన ఈ ఆవిష్కరణను కొందరు తండ్రికి, మరికొందరు కుమారునికి ఆపాదిస్తుంటారు. 1839 నాటికి హెన్రీ పుట్టనే లేదు.

1839 ప్రయోగం

పారిస్‌లో జన్మించిన ఎడ్మండ్ యువకుడిగా ఉన్నప్పుడే అక్కడి ప్రకృతి విజ్ఞాన మ్యూజియంలో తండ్రికి సహాయకుడుగా చేరాడు. పందొమ్మిదేళ్ళ వయసులో, సిల్వర్ క్లోరైడ్ పూసిన రెండు ప్లాటినం పలకలను ఆమ్ల ద్రావణంలో ఉంచి, ఒకదానిపై మాత్రమే వెలుతురు పడనిచ్చాడు. రెండు పలకలను కలిపిన తీగలో విద్యుత్తు ప్రవహించింది. నీలి కాంతికి, అతినీలలోహిత కాంతికి ఫలితం బాగా కనిపించింది. వేడి వలన కాక, కాంతి వలననే విద్యుత్తు పుడుతున్నదనడానికి ఇది బలమైన సూచన.

కారణం

ఇది ఎందుకు జరుగుతుందో వివరించడం ఆ కాలంలో ఎవరికీ సాధ్యం కాదు. ఎలక్ట్రాన్‌ను కనుగొన్నది 1897లో, అంటే ఇతడు మరణించిన ఆరేళ్ళకు. కాంతి కణమైన ఫోటాన్ తగినంత శక్తితో అర్ధవాహకాన్ని తాకినపుడు అందులోని ఒక ఎలక్ట్రాన్ బంధం వీడి, తన స్థానంలో ఒక ఖాళీని (రంధ్రం) వదులుతుంది. ఊరకే విడిచిపెడితే ఈ రెండూ తిరిగి కలిసిపోతాయి, శక్తి వృథా అవుతుంది. కనుక వాటిని వేరుచేయడమే అసలు పని. బెకరెల్ పాత్రలో ఆ పని ఘన ద్రవ పదార్థాలు కలిసే హద్దు వద్ద జరిగింది. సాధారణ సిలికాన్ ఘటంలో ఫాస్ఫరస్ కలిపిన పొర, బోరాన్ కలిపిన పొర కలిసేచోట ఏర్పడే విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లను ఒక వైపుకు, రంధ్రాలను మరొక వైపుకు నెడుతుంది. బయట తీగ కలిపితే ఎలక్ట్రాన్లు దాని గుండా ప్రవహిస్తాయి.

ఇతడి ప్రయోగానికి 115 ఏళ్ళ తరువాత, 1954లో, అమెరికాలోని బెల్ లేబొరేటరీస్ సుమారు 6 శాతం సామర్థ్యం గల సిలికాన్ ఘటాన్ని ప్రదర్శించింది.

ఇతర పరిశోధనలు

1848లో సూర్యకాంతి వర్ణపటాన్ని దాని సహజమైన రంగులలోనే వెండి పలకపై ఫోటో తీశాడు. కాని ఆ రంగులను స్థిరపరచే ఉపాయం దొరకలేదు. వెలుతురు తగిలితే చెరిగిపోయేవి కనుక ఆ చిత్రాలను చీకటిలోనే దాచవలసి వచ్చేది. కాంతి తొలగిన తరువాత కూడా కొన్ని పదార్థాలు క్షణకాలం వెలగడాన్ని కొలిచే ఫాస్ఫరోస్కోపును రూపొందించి, యురేనియం లవణాలను కూడా పరీక్షించాడు. 1896లో హెన్రీ రేడియోధార్మికతను కనుగొన్నది ఆ యురేనియం లవణాలతోనే.