కొల్లేరు చేపల లెక్కకూ ఆయన దారే.. ఎవరీ టెడ్ కాడ్?

ఏలూరు: కొల్లేరు పక్కన ఒక చేపల రైతు ఉన్నాడనుకోండి. ఆయనకు నాలుగు చెరువులు. ఒక్కో చెరువులో ఏడాదికి రెండు పట్టుబడులు. ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో కోడ్ రాసే కుర్రాళ్లు ఈ లెక్కను అర్రేలో అర్రేగా పెడతారు. మరి డేటాబేస్‌లోకి ఎక్కించేదెలా? దీనికి 1970లోనే దారి చూపిన మనిషి ఎడ్గర్ ఎఫ్. కాడ్. అందరికీ టెడ్.

1923లో ఇంగ్లండ్‌లోని పోర్ట్‌లాండ్ దీవిలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో ఆఖరివాడు. ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు, రెండో ప్రపంచ యుద్ధంలో పైలట్‌గా పనిచేశారు. తర్వాత అమెరికా వెళ్లి ఐబీఎంలో చేరారు. సెనేటర్ మెకార్తీ తీరు నచ్చక కొన్నేళ్లు కెనడాకు వెళ్లిపోయారు కూడా! నలభై దాటాక 1965లో పీహెచ్‌డీ.

అప్పట్లో డేటా చెట్టు కొమ్మల్లా ఉండేది. ఏ కొమ్మ పట్టుకుని దిగాలో ప్రోగ్రామర్‌కు తెలియాలి. కొమ్మ మారితే ప్రోగ్రామ్ తిరగరాయాలి. 1970 జూన్‌లో వచ్చిన పేపర్‌లో కాడ్ ఒక ఉద్యోగి రికార్డు తీసుకున్నారు. దాని లోపల చేసిన కొలువులు, కొలువు లోపల జీతాల మార్పులు, పక్కన పిల్లల వివరాలు. దాన్ని విప్పి నాలుగు పట్టికలు చేశారు. కిటుకు ఒక్కటే.. పైదాని గుర్తింపు నంబర్ కిందిదానికి మోయించడం.

చేపల లెక్కా అంతే. బయటి లూప్ రైతు, లోపలిది చెరువు, ఇంకా లోపల పట్టుబడి. పట్టుబడి వరుసలో రైతు నంబర్, చెరువు నంబర్ రెండూ ఉండాలి. లేదంటే రెండో నంబర్ చెరువు ఎవరిదో తేలదు. లూప్ తిరిగిన ప్రతిసారీ ఒక క్వెరీ పంపడం మనవాళ్లకు అలవాటు. అలా కాకుండా వరుసలు పోగుచేసి ఒకేసారి పంపాలి. విలువల్ని క్వెరీలో అతికించకుండా విడిగా ఇవ్వాలి. పేరులో ఒక్క కొటేషన్ గుర్తు చాలు, క్వెరీ విరగడానికి.

సొంత కంపెనీయే కాడ్ మాట వెంటనే వినలేదు. పాత డేటాబేస్ ఐఎంఎస్ మీద ఐబీఎంకు ఆదాయం బాగానే వస్తోంది మరి. ఈలోగా 1979లో ఒరాకిల్ మార్కెట్లోకి వచ్చేసింది. ఐబీఎం ఉత్పత్తి 1981కి గానీ రాలేదు. అదే ఏడాది కాడ్‌కు ట్యూరింగ్ అవార్డు దక్కింది.

ఎస్‌క్యూఎల్ ఆయన సృష్టి అనుకుంటారు చాలామంది. కాదు, అది ఐబీఎం సహోద్యోగులు చాంబర్లిన్, బాయ్స్‌ది. తన సిద్ధాంతాన్ని అది పూర్తిగా పాటించలేదని కాడ్ చివరిదాకా తప్పుపట్టారు. 2003 ఏప్రిల్ 18న ఫ్లోరిడాలో, 79 ఏళ్ల వయసులో కన్నుమూశారు.