రాగిరేకుల్లో పాటలు వెతికిన వేటూరి ప్రభాకరశాస్త్రి



సంగీతం మీద ప్రాజెక్ట్ రాయాలని మీ అబ్బాయో అమ్మాయో ఎప్పుడో ఒకసారి మిమ్మల్ని అడిగే ఉంటారు. మీరు ఫోన్‌లో వెతికి ఉంటారు. ఒకే పేరా పది చోట్ల కనబడి ఉంటుంది. అది మొదట ఎవరు రాశారో, వారికి ఎలా తెలిసిందో మాత్రం ఎక్కడా కనబడదు. నార్కట్‌పల్లిలో ఉండి పెద్ద పెద్ద గ్రంథాలు ఎక్కడ చూడగలం అని మీకు అనిపించవచ్చు. ఒక పాటకు అసలు ఆధారం వెతకడం అంటే ఏమిటో తన జీవితంతో చూపించిన మనిషిని ఈ నెల పరిచయం చేసుకుందాం.

వేటూరి ప్రభాకరశాస్త్రి 1888 ఫిబ్రవరి 7న కృష్ణా జిల్లా పెదకళ్లేపల్లిలో పుట్టారు. చిన్న ఊరే అయినా సంగీతానికి పేరున్న ఊరు. త్యాగరాజు శిష్యపరంపరకు చెందిన సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి అక్కడే శిష్యులకు పాఠం చెప్పేవారు. సినిమా పాటల వేటూరి కూడా ఈ వంశం వారే. ప్రభాకరశాస్త్రి మాత్రం పాటగాడు కాలేదు. తిరుపతి వేంకటకవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి దగ్గర చదువుకుని, యువకుడిగానే మద్రాసు వెళ్లి ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉద్యోగంలో చేరారు.

ఆ గ్రంథాలయం ఎలాంటిదో ఒకసారి ఊహించండి. మెకంజీ ఊరూరా సేకరించిన కైఫీయతులు, సి.పి. బ్రౌన్ జీతం ఖర్చుపెట్టి కొన్న తాళపత్రాలు, అన్నీ అక్కడ కట్టలు కట్టలుగా ఉండేవి. కొన్నిటికి పేరు లేదు, కొన్నిటికి మొదలు లేదు, కొన్ని ఆకులను పురుగు తినేసింది. శాస్త్రిగారు చాలా ఏళ్లు వాటి మధ్యే గడిపారు. ఒక పద్యం రెండు ప్రతుల్లో రెండు రకాలుగా కనబడితే మూడో ప్రతి కోసం వెతికేవారు. జనం నోళ్లలో తిరిగే చాటుపద్యాలను ఏరి అచ్చువేయించారు. మన ప్రాంతపు మహాకవి పాల్కురికి సోమనాథుని బసవపురాణాన్ని పరిష్కరించి, దానికి పెద్ద పీఠిక రాశారు. ఆ పుస్తకం 1926లో వెలువడింది.

ఆయన జీవితంలో అతి ముఖ్యమైన పని తిరుపతిలో జరిగింది. అది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

తాళ్లపాక అన్నమయ్య పాటలను ఆయన కొడుకు, మనుమల కాలంలో రాగిరేకుల మీద చెక్కించి, తిరుమల గుడిలో ఒక రాతి అరలో భద్రపరిచారు. ఆ తర్వాత కాలంలో వాటిని పట్టించుకున్నవాళ్లు తగ్గిపోయారు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేసిన క్యాంప్‌బెల్ అనే ఇంగ్లీషు అధికారి, ఆ రేకుల్లో పాత వ్యాకరణం ఉందని విని వాటిని పరిశీలింపజేశాడు. తీరా చూస్తే అన్నీ దేవుడి మీద పాటలే. ఆయనకు కావలసింది వ్యాకరణం కాబట్టి ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది. పాటలు మరో వంద ఏళ్లు చీకట్లోనే ఉండిపోయాయి. చేతికి అందిన ఆధారం కూడా మనం వెతికేది వేరైతే కంటికి ఆనదు. ఈ మాట పిల్లలకు తప్పకుండా చెప్పండి.

1922 ప్రాంతంలో రేకులు మళ్లీ వెలుగులోకి వచ్చాయి. దేవస్థానంలో సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి మొదలైనవారు వాటి మీద శ్రమించారు. 1940ల దశకంలో ప్రభాకరశాస్త్రి తిరుపతిలో ఆ పని చేపట్టారు. రెండు వేలకు పైగా రేకులు. వాటి మీది పాత లిపిని అక్షరం అక్షరం చదివి, నకలు రాసి, పాఠం సరిచూసి అచ్చుకు పంపాలి. అన్నమయ్య 32,000 పాటలు రాశాడని చెబుతారు. దొరికినవి అందులో సగం కూడా లేవు. అందుకే ఒక్కో రేకు ఒక్కో నిధి.

అన్నమయ్య ఎప్పటివాడో ఎలా తెలిసింది? మొదటి రేకు మీదే రాసి ఉంది. పదహారో ఏట, 1424కు సరిపోయే క్రోధి సంవత్సరంలో పాటలు మొదలుపెట్టాడని, 1503కు సరిపోయే దుందుభి సంవత్సరం వరకు రాశాడని అందులో ఉంది. అందులోంచి లెక్కవేస్తేనే 1408లో పుట్టాడని తేలింది. ఇక జీవిత కథ కోసం శాస్త్రిగారు అన్నమయ్య మనుమడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్రను పరిష్కరించి, విపులమైన పీఠికతో 1949లో ప్రచురించారు. ఈ రోజు మనం సినిమాలో చూసే అన్నమయ్య కథకు మూలం ఆ చిన్నన్న పుస్తకమే.

అయితే రేకులు అన్నీ చెప్పలేదు. ప్రతి పాట పైన రాగం పేరు ఉంది. శ్రీరాగం, సామంతం, ముఖారి అని ఉంటుంది. స్వరాలు లేవు, తాళమూ లేదు. అన్నమయ్య ఏ వరసలో పాడాడో చెప్పేవాళ్లు లేకుండా పోయారు. మాట మిగిలింది, పాట పోయింది. ఆ లోటు తీర్చడానికి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు పూనుకుని, నూరుకు పైగా పాటలకు కొత్తగా స్వరాలు కట్టారు. యాన్యువల్ డే రోజు మన పిల్లలు పాడే అన్నమయ్య పాట ఏదైనా, దాని మాట అయిదు వందల ఏళ్ల నాటిది, వరస మాత్రం నిన్నమొన్నటిది.

ప్రభాకరశాస్త్రి 1950 ఆగస్టు 29న కన్నుమూశారు. పని ఇంకా చాలా మిగిలే ఉంది. తర్వాతివారు దాన్ని కొనసాగించారు. 1978లో దేవస్థానం అన్నమాచార్య ప్రాజెక్టును మొదలుపెట్టింది.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. మన దగ్గర సంగతి తలకిందులు. రేపు బతుకమ్మ ఆడేటప్పుడు మీ అత్తమ్మ పాడే పాటకు వరస ఉంది, మాట ఉంది. రాగిరేకు లేదు. మన చుట్టుపక్కల ఊళ్లలో ఒగ్గు కళాకారులు చెప్పే మల్లన్న కథలో ఎంతో భాగం వాళ్ల గుండెల్లోనే ఉంది. ఆ పెద్దలు పోతే వరస, మాట రెండూ పోతాయి.

కాబట్టి ఈసారి ప్రాజెక్ట్ ఇలా చేయించండి. ఫోన్‌లో నానమ్మ పాటను రికార్డు చేయండి. పిల్లలతో నోట్‌బుక్‌లో ఆ పాట రాయించండి. పైన నానమ్మ పేరు, ఊరు, ఎవరి దగ్గర నేర్చుకుందో, ఏ సందర్భంలో పాడతారో, తేదీతో సహా రాయించండి. నానమ్మ ఒక మాట ఒకలా, పక్కింటి అవ్వ మరోలా పాడితే రెండూ రాయమనండి, ఏదీ కొట్టేయొద్దు. తర్వాత వీలు చూసుకుని నల్గొండ జిల్లా కేంద్ర గ్రంథాలయానికి పిల్లలను తీసుకెళ్లి, జానపద గేయాల పుస్తకాలు అడిగి, మీ పాట అందులో ఉందేమో చూడండి.

ఉంటే పిల్లలు సంతోషిస్తారు. లేకపోతే ఆ నోట్‌బుక్కును ఇంకా జాగ్రత్తగా దాచండి. ఆ పాటకు అదే మొదటి రేకు.