గాజు మెరుపునకు గణితం కూర్చిన ఫ్రెనెల్

యానిమేషన్ చిత్రాల్లో కంప్యూటర్ సృష్టించిన గాజు పాత్ర, అందులోని నీరు నిజమైనవిగానే తోచడం నేటి ప్రేక్షకులకు వింత కాదు. ఆ భ్రాంతికి ఆధారమైన గణితాన్ని మాత్రం రెండు శతాబ్దాల క్రితం ఫ్రాన్స్‌లో రోడ్లు వేయించే ఇంజినీరు ఒకరు కూర్చారు. ఆయనే అగస్టిన్ ఫ్రెనెల్.

1788 మే 10న నార్మండీలో జన్మించిన ఫ్రెనెల్‌కు బాల్యంలో చదువు అబ్బలేదు. ఎనిమిదేళ్లు వచ్చినా అక్షరాలు కూడబలుక్కొనేవారట. పెద్దయ్యాక ప్రభుత్వ ఇంజినీరయ్యారు. 1815లో నెపోలియన్ మళ్లీ అధికారంలోకి రాగా, రాచరికం పక్షాన నిలిచినందుకు ఆయనను విధుల నుంచి తప్పించి నిఘా పెట్టారు. ఆ శిక్షే శాస్త్రానికి వరమైంది. తల్లి ఉంటున్న మాత్యూ గ్రామం చేరి కాంతిపై ప్రయోగాలకు పూనుకున్నారు. ఊళ్లో తాళాలు చేసే పనివాడు తయారుచేసిన కొలత సాధనం, కటకానికి బదులు ఒక తేనె బొట్టు ఆయన పరికరాలు. ఆ బొట్టు కేంద్రీకరించిన ఎండలో సన్నని తీగ నీడను పరిశీలించి, కాంతి తరంగమేనని నిశ్చయించారు. కణవాదులు ప్రబలంగా ఉన్న ఫ్రెంచ్ అకాడమీ సైతం 1819లో ఆయనకే బహుమతి ప్రకటించింది.

1823 జనవరిలో అకాడమీకి సమర్పించిన పత్రంలో, పారదర్శక పదార్థంపై పడిన కాంతిలో ఎంత వెనక్కి మళ్లుతుంది, ఎంత లోనికి చొస్తుంది అన్న లెక్క ఉంది. నిటారుగా పడిన కాంతిలో గాజు దాదాపు 4 శాతాన్ని, నీరు 2 శాతాన్ని మాత్రమే పరావర్తనం చేస్తాయి. ఏటవాలు పెరిగితే ఆ శాతమూ పెరుగుతుంది. ఉపరితలాన్ని ఒరుసుకుంటూ వచ్చే కాంతి దాదాపు అంతా వెనక్కి మళ్లుతుంది. చెరువు గట్టున నిలిచినవారికి పాదాల చెంత నీటి అడుగు, దూరాన ఆకాశ ప్రతిబింబం కనిపించడం ఇందువల్లనే.

1980లో అమెరికాలో టర్నర్ విటెడ్ కాంతి కిరణాల దారిని వెంబడించి తెరపై గాజు గోళాన్ని చిత్రించారు. ఆయన పరావర్తన శాతాన్ని స్థిరంగానే ఉంచారు. 1982లో కుక్, టోరెన్స్‌లు తమ నమూనాలో ఫ్రెనెల్ సమీకరణాలను చేర్చారు. పూర్తి లెక్క కంప్యూటర్లకు భారం కాకుండా 1994లో క్రిస్టోఫ్ ష్లిక్ ఒక సులువైన ఉజ్జాయింపు ఇచ్చారు. వీడియో గేముల్లో నేడు విరివిగా వాడేది అదే. ఈ లెక్క లోపిస్తే గాజు అంచులు మెరవవు, నీరు ప్లాస్టిక్ పలకలా కనిపిస్తుంది.

ఫ్రెనెల్ పేరును సామాన్యులకు చేర్చింది మాత్రం దీపస్తంభాల కటకం. మందపాటి గాజు దిమ్మకు బదులు, పట్టకాలను వలయాలుగా పేర్చి ఆయన రూపొందించిన ఆ కటకం 1823 జూలైలో కోర్దువాన్ దీపస్తంభంలో తొలిసారి వెలిగింది. అప్పటికే క్షయ ఆయనను కుంగదీస్తోంది. లండన్ రాయల్ సొసైటీ ప్రకటించిన రమ్‌ఫర్డ్ పతకాన్ని మిత్రుడు అరాగో స్వయంగా తెచ్చి అందించిన కొద్ది రోజులకే, 1827 జూలై 14న, 39 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పరావర్తన పత్రం సారాంశమే అప్పటికి అచ్చయింది. కనిపించకుండా పోయిన అసలు ప్రతి, గణితవేత్త ఫూరియే మరణానంతరం ఆయన కాగితాల్లో దొరికి, 1831లో వెలుగు చూసింది.