మెన్షియస్

చైనాలో ఏడు పెద్ద రాజ్యాలు పరస్పర యుద్ధాలతో ప్రజలను పీడిస్తున్న కాలమది. క్రీ.పూ. 372 ప్రాంతంలో, నేటి షాన్‌డాంగ్ సీమలో మెన్షియస్ జన్మించాడు. చైనీయులకు ఆయన మెంగ్‌జి. శ్మశానం పక్కన, అంగడి పక్కన పెరిగితే బిడ్డ చెడతాడని తల్లి ఇల్లు మార్చి, చివరకు పాఠశాల చెంతకు చేరిందనే కథ సుప్రసిద్ధం.

కన్ఫ్యూషియస్ బోధలను అభ్యసించిన మెన్షియస్ రాజాస్థానాలు తిరిగి పాలకులకు ధర్మం చెప్పాడు. రాజ్యాధికారం దైవదత్తమనే నమ్మకం అప్పటికే ఉంది. దైవం నోటితో పలకదనీ, ప్రజల అంగీకారమే దైవసమ్మతికి గుర్తనీ ఆయన వివరించాడు. యావో చక్రవర్తి గతించాక ప్రజలు తమ తగవులతో రాజకుమారుని వద్దకు పోక షున్ వద్దకు వెళ్లారట. అందుకే షున్ రాజయ్యాడు. ఒక విధంగా అది ఓటే! కాని దానికి తేదీ లేదు, లెక్క లేదు. దుష్టరాజును తొలగించాలంటే రాజబంధువులైన మంత్రులో, మరో ధర్మప్రభువో పూనుకోవాలి. మన పురాణాలలోనూ వేనరాజును శిక్షించినవారు మునులే. సేద్యగాని చేతికి ఏ సాధనమూ రాలేదు. మన దేశంలో 1989 నుండి పద్దెనిమిదేండ్లు నిండిన పౌరులకు లభించిన ఓటు అటువంటి సాధనం.

ఛీ రాజ్యం యాన్ రాజ్యాన్ని ఆక్రమించినప్పుడు, అక్కడి ప్రజలు సమ్మతిస్తేనే నిలుపుకోవాలని మెన్షియస్ రాజుకు హితవు పలికాడు. రాజు వినలేదు, యాన్ ప్రజలు తిరగబడ్డారు. మెన్షియస్ పదవి వీడి వెళ్లిపోయాడు. క్రీ.పూ. 289 ప్రాంతంలో మరణించాడు.

1394లో మింగ్ చక్రవర్తి హోంగ్‌వు ఆయన గ్రంథం నుండి 85 భాగాలను తొలగింపజేశాడు. తిరుగుబాటుతోనే సింహాసనమెక్కిన రైతుబిడ్డ ఆ చక్రవర్తి! ఆయన తదనంతరం ఆ భాగాలు మళ్లీ గ్రంథంలో చేరాయి.